చుక్కతో మహేంద్రగిరి దారిలో నాలుగు రోజులు

మా చుక్క వీధికుక్క. నాలుగేళ్ళ కిందట శ్రీకాకుళంలో మా వీధి చివర కాలవ పక్కన వానలో తడుస్తూ దొరికింది, నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని తమ్ముడు చుక్క అని పిలిచాడు, అదే పేరు ఉండిపోయింది. ఇప్పుడు 17 కేజీలు. ఈసారి సంక్రాంతి సెలవులకి మహేంద్రగిరి వెళ్దాం అని తమ్ముడు అన్నప్పుడు చుక్కని ఎవరి దగ్గర వదలాలి అన్న మాటే రాలేదు, తీసుకెళ్ళడమే. కానీ కుక్కని కొండకి తీసుకెళ్ళడం అంటే తాడు పట్టుకుని బయల్దేరడం కాదని మాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

రెండేళ్ళ కిందట మార్చిలో ఒక చిన్న గుట్ట ఎక్కాం, తొమ్మిదింటికి మొదలుపెట్టాం, పదిన్నరకి చుక్క కూలబడిపోయింది. నాలిక వెడల్పుగా బయటకొచ్చేసి చిగుళ్ళు ఎర్రగా అయిపోయి, చొంగ జిగురులా కారుతోంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త పడుతుంది అంతే, మిగతా వేడంతా రొప్పుతూనే బయటకి పంపాలి. ఆరోజు నీడలోకి మోసుకెళ్ళి ఉన్న నీళ్ళన్నీ పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద పోసి తువ్వాలుతో విసిరాం, అరగంటకి లేచింది. డాక్టరు గారు థర్మామీటర్ పెట్టి చూపించారు, కుక్కకి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుందట, 41 దాటితే లోపల అవయవాలు దెబ్బతినడం మొదలవుతుందట. ఆ రోజు నుంచి థర్మామీటర్ లేకుండా చుక్కతో ఎక్కడికీ వెళ్ళలేదు.

అందుకని ఈసారి రెండు నెలలు ముందే మొదలుపెట్టాం. ఆదివారాలు తెల్లవారుజామున శాలిహుండం కొండ రోడ్డు మీద నడక, మొదట అరగంట, తర్వాత గంట, తర్వాత రెండు గంటలు. వంశధార మీద మంచు ఉండగానే పైకి వెళ్ళి ఎండ ముదరకుండా దిగిపోయేవాళ్ళం. దీని వల్ల పాదాల చర్మం గట్టిపడుతుంది, ఇంట్లో నున్నటి టైల్స్ మీద తిరిగే కుక్కని ఒకేసారి రాళ్ళ మీదకి తీసుకెళ్తే ఒక్క రోజులో పాదాలు చెక్కుకుపోతాయి. మెడ పట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాం, జారితే మెడ మీద బరువు పడకుండా. రేబిస్ టీకా, లెప్టో (ఎలకల మూత్రం వల్ల వచ్చే జ్వరం) కలిసిన టీకా రెండూ గడువులో ఉన్నాయో లేదో చూసుకున్నాం, పిడుదుల మాత్ర బయల్దేరే వారం ముందు వేశాం.

మొదటి రోజు

ముక్కనుమ మర్నాడు పొద్దున్నే కారులో బయల్దేరాం. చుక్కకి కారులో వాంతి అవుతుంది కాబట్టి పొద్దున్న ఏమీ పెట్టలేదు, నీళ్ళు మాత్రం. టెక్కలి దాటాక ఒకసారి ఆపి నడిపించాం. పలాస వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ జీడితోటలు, కొబ్బరి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడి కొబ్బరిచెట్లు వరసలకి వరసలు పడిపోయాయి, ఇప్పుడు ఆ జాగాల్లో కొత్త మొక్కలు మనిషెత్తు దాటాయి, చూస్తే మనసుకి కాస్త ఊరటగా అనిపించింది.

మందసలో ఆగి కోవా కొన్నాం, వాసుదేవ పెరుమాళ్ గుడికి తమ్ముడు ముందు వెళ్ళొచ్చాడు, తర్వాత నేను, ఎవరో ఒకరం బయట చుక్కతో. కోవా కోసం అది ఎంత చూసినా పెట్టలేదు, తీపి దానికి మంచిది కాదు, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ అయితే విషమే.

సాయంత్రానికి కొండ కింద సవర గిరిజనుల గూడెం చేరాం. తమ్ముడికి పనిలో తెలిసిన ఒకాయన ఊరది, వాళ్ళ తాత మాకు దారి చూపిస్తానన్నాడు. కారు దిగగానే గూడెం కుక్కలు ఏడెనిమిది చుట్టూ మూగాయి. ఇలాంటప్పుడు తాడు బిగించి లాగితే మన కుక్క భయపడి కరుస్తుంది, ఎత్తుకుంటే కింద ఉన్నవి మన మీదకి ఎగురుతాయి. తాడు వదులుగా ఉంచి ఆగకుండా మెల్లగా నడిచిపోయాం, తాత ఒక కేక వేశాడు, అవన్నీ తప్పుకున్నాయి.

తాత చుక్కని చూసి, "ఏటమ్మా, దీన్ని కూడా కొండకి తీసుకెల్తారేటి?" అన్నాడు. అవును తాతా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు, చుట్ట వెలిగించుకుని అప్పుడు చెప్పాడు. "తాడు మాత్రం ఇప్పీకండి. పందుల కోసం ఉండలెడతారు, పిండి ఉండనుకుని ఇది కొరికిందా, మూతి ఉండదు. మా కుక్క అలగే పోయింది."

ఉండలంటే నాటుబాంబులు. అడవిపందులు పంట పాడుచేస్తున్నాయని పిండిలోనో మాంసంలోనో మందుగుండు చుట్టి పొదల్లో పెడతారు, చట్టప్రకారం తప్పే కానీ జరుగుతుంది. తీగ ఉచ్చులు కూడా. తోటల అంచున కరెంటు తీగలు లాగే వాళ్ళున్నారు. కుక్కని స్వేచ్ఛగా వదిలేయాలి పాపం అని అనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని, కానీ ఈ కొండల్లో వాసన పట్టుకుని పొదలోకి దూరిన కుక్క ముందు ఏముందో మనకీ తెలీదు, దానికీ తెలీదు. నాలుగు రోజులూ తాడు నా నడుముకే కట్టుకున్నా.

రాత్రి చుక్కకి అన్నంలో ఉడకబెట్టిన గుడ్డు కలిపి పెట్టా. మాకు చోడి (రాగి) అంబలి, ఎండుచేపల కూర.

రెండో రోజు

అయిదున్నరకే లేచాం, వెలుగు రాకుండా మాత్రం బయల్దేరలేదు. తాత అదే చెప్పాడు, ఎలుగులు చీకటి పూట తిరుగుతాయి, తెల్లారే ముందు, పొద్దు గూకాక తోటల్లో ఉంటాయి. ఉద్దానంలో, అంటే ఈ జీడి, కొబ్బరి తోటల ప్రాంతంలో, ఎలుగుల గురించి పేపర్లో చదవని ఏడాది లేదు, జీడితోటలకి వెళ్ళిన వాళ్ళ మీద పడిన వార్తలు మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఎప్పుడూ వస్తుంటాయి. ఆరున్నర దాటాక ముందు తాత, వెనక నేను, చుక్క, ఆ వెనక తమ్ముడు.

జీడితోటలు పూతకొస్తున్నాయి, ఆ తియ్యని వాసన మంచులో ఇంకా గట్టిగా ఉంది. ఇంకో మాట, మార్చి ఏప్రిల్లో ఈ దారిన వస్తే కింద రాలిన జీడిపిక్కలు కుక్క నోట్లో పెట్టుకోకుండా చూడాలి. పచ్చి పిక్క పైపెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, అలాంటిది కుక్క నాలిక ఏమవుతుంది.

తోట దాటి అడవిలోకి వెళ్ళిన ముప్పావు గంటకి చుక్క ఆగిపోయింది. వీపు మీద వెంట్రుకలు మెడ నుంచి తోక దాకా లేచాయి, మొరగలేదు, గొంతులో చిన్న గుర్రు. తాత చెయ్యెత్తి ఆపాడు. దారికి కుడిపక్క పది గజాల్లో పుట్ట ఒకటి తవ్వేసి ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది, పెద్ద గోళ్ళ గీతలు. ఎలుగు చెదపురుగుల కోసం పుట్ట తవ్వి ముక్కు పెట్టి లాగుతుంది కదా, అదే. ఎంతసేపయిందో తెలీదు. తాత, "ఎనక్కి తిరక్కండి, మొహం అటే ఉంచి మెల్లగా ఎనక్కి నడవండి" అన్నాడు. నేను తాడు చేతికి చుట్టి చుక్కని నా కాలికి ఆనించుకున్నా. యాభై అడుగులు అలా వెనక్కొచ్చి, తాత కర్ర చెట్టుకి కొట్టి గట్టిగా మాట్లాడుతూ వేరే పక్క నుంచి చుట్టు తిప్పి తీసుకెళ్ళాడు. ఎలుగుని చూడలేదు. చూడకపోవడమే మేలు.

తర్వాత తాత చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఒకతను కుక్కతో కట్టెలకి వెళ్ళాడట, కుక్క ఎలుగు మీదకి మొరుగుతూ పరిగెత్తింది, ఎలుగు తిరగబడింది, కుక్క భయపడి ఎక్కడికి పరిగెడుతుంది, యజమాని దగ్గరికే కదా, వెనకాలే ఎలుగుని తెచ్చి అతని మీద పెట్టింది. అతను బతికాడు గానీ ఒక కన్ను పోయింది. కుక్క తోడుంటే ధైర్యం అని అందరూ అంటారు, తాడు లేని కుక్క ఎలుగు ముందు తోడు కాదు.

తొమ్మిదిన్నరకి వాగు. మహేంద్రగిరిలో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఈ చిన్న వాగులన్నీ ఎటు పోయినా చివరికి ఆ సముద్రానికే. పారే నీళ్ళు అయినా చుక్కకి తాగనివ్వలేదు, పైన మేకలు, పశువులు తిరుగుతాయి, ఎలకల మూత్రం కలిసిన నిలవ నీళ్ళలో లెప్టో ఉంటుంది. కాళ్ళు తడుపుకోనిచ్చి, మేం మోసుకొచ్చిన నీళ్ళే మడత గిన్నెలో పోశాం. 17 కేజీల కుక్కకి ఇంట్లో ఊరికే ఉంటేనే రోజుకి లీటరు దగ్గర కావాలి, ఎక్కేటప్పుడు దానికి రెట్టింపు, అందుకని దాని కోసమే మూడు లీటర్లు తెచ్చాం, తమ్ముడే మోశాడు. ఒకేసారి గిన్నెడు పోస్తే గబగబా తాగి కక్కేస్తుంది, అరగంటకోసారి కాస్త కాస్త పోయాలి.

వాగు దాటాక అసలు ఎక్కుడు. నలభై నిమిషాలు నడక, పది నిమిషాలు ఆగడం. ఆగినప్పుడల్లా నేను చూసేవి రెండే, నాలిక, చిగుళ్ళు. రొప్పు అయిదు నిమిషాల్లో తగ్గుతోందా, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే గులాబీ రంగు వస్తోందా. వస్తే కదులుతాం. కుక్క తనంతట తను అలసిపోయానని ఆగదు, మనం నడుస్తున్నంతసేపూ వస్తుంది, పడిపోయే దాకా వస్తుంది. ఆ మార్చిలో నాకు తెలియనిది ఇదే.

పదకొండింటికి చెట్లు లేని రాతి బండ ఒకటి వచ్చింది, వంద గజాలుంటుందేమో. జనవరే అయినా నల్లరాయి, ఎండ నేరుగా. చెయ్యి వెనక్కి తిప్పి రాయి మీద పెట్టి ఏడు దాకా లెక్కపెట్టబోయా, అయిదు దగ్గరే తీసేశా. మన చెయ్యి ఏడు దాకా ఆగకపోతే కుక్క పాదం కూడా ఆగదు. పాత సాక్సులు తొడిగి తడిపి, ఆ బండ మీద గబగబా దాటించాం, సాక్సులు పెట్టినందుకు చుక్క గుర్రం లాగా కాళ్ళెత్తి ఎత్తి నడిచింది.

మధ్యాహ్నానికి సగం ఎత్తులో ఉన్న చిన్న గూడెం, తొమ్మిది ఇళ్ళు. వాకిళ్ళలో కొండచీపుర్లు కట్టలు కట్టి ఎండబెట్టారు. మేకలు చాలా ఉన్నాయి, చుక్క ఎప్పుడూ మేకని తరమలేదు, అయినా తరమదని నేను వాళ్ళకి మాటివ్వలేను, ఒక మేక అంటే ఆ ఇంటికి ఒక పంట ఖర్చు. చివరి ఇంటి అరుగు మీద ఒక మూల కట్టేసుకున్నాం. రాత్రి చలి బాగా వచ్చింది. చుక్కది పొట్టి బొచ్చు, గోనె మీద దుప్పటి మడిచి వేసి పక్కన పడుకోబెట్టా, పైన నా స్వెట్టర్ కప్పా.

మూడో రోజు

పొద్దున్న లేచి నాలుగడుగులు వేసేసరికి కుంటుతోంది. ముందు కుడి కాలు. తిప్పి చూస్తే వేళ్ళ సందులో పల్లేరుకాయ ముల్లు ఒకటి విరిగి ఉంది, దానికి తోడు మడమ పక్కన మెత్త అంచున చిన్న చీలిక, అది ముందు రోజు రాయి కోసిందే అయ్యుండాలి, సాక్సు తీసినప్పుడు నేను సరిగ్గా చూడలేదు. నా తప్పే. పట్కారుతో ముల్లు తీశా, సెలైన్‌తో కడిగా, బెటడిన్ పలచన చేసి రాసి, వేళ్ళ మధ్య దూది పెట్టి గాజుగుడ్డ చుట్టా.

తమ్ముడు సంచిలోంచి పారాసెట్మాల్ తీసి, "అప్పా, సగం వేద్దామా, నొప్పి తగ్గుతాది" అన్నాడు, మా వైపు అక్కని అప్పా అంటారు. ప్రేమతోనే అన్నాడు. కానీ మనుషుల నొప్పి మాత్రలు, పారాసెట్మాల్ గానీ ఐబూప్రొఫెన్ గానీ కుక్కకి వెయ్యకూడదు, కాలేయం, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి. డాక్టరు ఇచ్చినవే వెయ్యాలి. తీసి లోపల పెట్టించా.

పైకి ఇంకా చాలా ఉంది. మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు, ఒడిశా గజపతి జిల్లాలోది. కుంతి గుడి, ధర్మరాజు గుడి, అన్నిటికన్నా పైన భీముడి గుడి. ముఖలింగం దగ్గర రాజధాని పెట్టుకుని ఏలిన తూర్పు గంగులు ఈ కొండ మీది గోకర్ణేశ్వరుణ్ణే కులదైవంగా కొలిచారు, వాళ్ళ శాసనాల్లో ఆ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ముఖలింగం గుడికి చిన్నప్పటి నుంచి వెళ్తున్నా, ఆ రాజులు తలెత్తి చూసిన కొండ పైకి ఒక్కసారి వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. కట్టు కట్టిన కాలుతో చుక్క మాత్రం నా మొహం వంకే చూస్తూ తోక ఊపుతోంది, లేద్దామా అన్నట్టు.

నేను ఆగిపోయా. తమ్ముణ్ణి, తాతని వెళ్ళమన్నా. తమ్ముడు ఒప్పుకోలేదు, నువ్వెళ్ళు నేనుంటా అన్నాడు, కానీ కుంటుతున్నప్పుడు చుక్క నా దగ్గరే కుదురుగా ఉంటుంది, వాడి దగ్గరుంటే నా కోసం లాగుతుంది, కాలు ఇంకా పాడవుతుంది. ఏడింటికి వాళ్ళు వెళ్ళారు.

ఆ పూటంతా అరుగు మీద కూచున్నా. ఇంటి ఆవిడ అడ్డాకులు కుడుతూ మాట్లాడింది, ఆవిడ తెలుగు నాకు సగమే అర్థమైంది, నా మాటలు ఆవిడకీ అంతే. చుక్క కాలు నాకుతుంటే మూతి పక్కకి తిప్పుతూ కూచున్నా, నాకితే కట్టు తడిసి లోపల చీము పడుతుంది. గంటకోసారి వేళ్ళు వాచాయా, చల్లగా అయ్యాయా అని చూశా, కట్టు బిగుతైతే అలా అవుతుంది.

రెండున్నరకి దిగొచ్చారు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒకటే చెప్పాడు. "భీముడి గుడి అంతా పెద్ద పెద్ద రాళ్ళప్పా, చిన్నదే గుడి, కానీ ఒక్కో రాయి ఎలా ఎత్తారో. మబ్బు విడినప్పుడు సముద్రం కనిపించింది." ఫోన్లో చూపించాడు, నీలంగా ఒక గీత.

చీకటి పడక ముందే కిందకి చేరాలంటే వెంటనే కదలాలి. దిగడమే కుక్కకి కష్టం, బరువంతా ముందు కాళ్ళ మీద, భుజాల మీద పడుతుంది, దానికి గాయమైందీ ముందు కాలికే. బండ దగ్గరికి వచ్చేసరికి చుక్క మూడు కాళ్ళ మీద నడుస్తోంది. తాత ఆగి, వెదురు కర్ర ఒకటి నరికి, నా దుప్పటి అడిగి తీసుకుని రెండు చివర్లూ ముడేసి డోలీ కట్టాడు. నాకు నోట మాట రాలేదు. ఈ కొండల్లో నెలలు నిండిన ఆడవాళ్ళని, జ్వరమొచ్చిన పిల్లల్ని రోడ్డు లేక డోలీలో మోస్తారు, ఆ డోలీలో నా కుక్కని ఎలా పెట్టమంటాను. వద్దు తాతా, నేను ఎత్తుకుంటా అన్నా. తాత నా వంక చూసి, "పనసపండ్లు ఇంతకన్నా బరువుంటాయమ్మా, నువ్వు ఎత్తుకుని జారితే ఇద్దరూ పోతారు, బేగి ఎక్కించు" అన్నాడు. హార్నెస్ తాడు కర్రకి కట్టి దూకకుండా చేసి, తాత ముందు, తమ్ముడు వెనక, బండ మీద, ఆ తర్వాత ఏటవాలు దారిలో మోశారు. చుక్క కదల్లేదు, తల బయటకి పెట్టి నా వంక చూస్తూ ఉంది. వాగు దగ్గర దింపాం, అక్కడి నుంచి మెత్తటి మట్టి, తనే నడిచింది. పుట్ట తవ్వి ఉన్న చోటు ముందే చుట్టు తిరిగి, మాట్లాడుకుంటూ, కర్ర కొడుతూ, ఆరింటికి ముందే జీడితోట దాటాం.

తాతకి డబ్బు ఇచ్చాం, దారి కూలి తీసుకున్నాడు, డోలీకి ఇచ్చింది తీసుకోలేదు.

నాలుగో రోజు

మధ్యాహ్నానికి ఇల్లు. ముందు చుక్కని పెరట్లో మంచం మీద పడుకోబెట్టి అంగుళం అంగుళం చూశా. చెవుల లోపల, చెవి మడతలో, చంకల్లో, గజ్జల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద. గడ్డి ముళ్ళు ఆరు, చెవి మడతలో ఒక పిడుదు, మెడ కింద ఇంకొకటి. పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిటారుగా లాగాలి, కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం చెయ్యకూడదు, అలా చేస్తే అది ఉమ్మి లోపలికి వదిలేస్తుంది, రోగం ఎక్కేది దానితోనే.

కాలు చూపించడానికి సాయంత్రం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. చీలిక లోతు కాదు, కుట్లు అక్కర్లేదన్నారు, పది రోజులు పొడిగా ఉంచమన్నారు. పిడుదు జ్వరం మాత్రం ఈరోజు కనిపించదు, కరిచిన వారం నుంచి మూడు వారాల లోపు తిండి మానడం, జ్వరం, ముక్కు నుంచి రక్తం లాంటివి ఏమొచ్చినా వెంటనే రక్తపరీక్షకి తీసుకురమ్మన్నారు.

వంటింట్లో క్యాలెండర్ మీద 21 రోజులు గుండ్రాలు చుట్టి పెట్టా, రోజూ పొద్దున్న జ్వరం చూసి పక్కన రాయడానికి. మొదటి గుండ్రం పక్కన 38.6 అని రాశా. చుక్క గుమ్మం దగ్గర పడుకుని, తమ్ముడు హార్నెస్ ఉతికి ఆరేస్తుంటే దాని వంకే చూస్తోంది.